‘గౌచో’ను తెలుగులో ఏమనాలి? పాంపా మైదానాల గుర్రపు రౌతుల గురించి చర్చ

1. పాలపిట్ట

సభ్యులకు నమస్కారం. ఒక పిల్లల మాసపత్రిక కోసం దక్షిణ అమెరికాలో గుర్రాల మీద తిరుగుతూ పశువులను సాకేవారి గురించి వ్యాసం రాస్తున్నాను. అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలలోనూ బ్రెజిల్ దక్షిణ కొసలో ఉన్న రియో గ్రాందె దొ సూల్ రాష్ట్రంలోనూ వారిని ‘గౌచో’ అంటారని చదివాను. ఈ మాటకు తెలుగులో ఏం రాయాలో తేలక మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘పశువుల కాపరి’ అని రాస్తే మన పిల్లల కళ్ళకు చేతిలో ముల్లుకర్రతో, భుజాన గొంగడితో మంద వెనక నడిచే మనిషి కనిపిస్తాడు. ‘కౌబాయ్’ అని రాస్తే ఉత్తర అమెరికా సినిమాల టోపీ, తుపాకీ ముందుకు వస్తాయి. ఈ రెండూ కాని మాట ఏదైనా ఉందా? దానితోపాటు వీరి జీవితం గురించి మీకు తెలిసింది రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

2. చరిత్ర విద్యార్థి

పాలపిట్ట గారూ, మాట సంగతి తరువాత చూద్దాం. ముందు మనిషి ఎవరో తేలాలి. ‘గౌచో’ పుట్టుక గురించి భాషావేత్తలే ఒక మాట మీద లేరు. ఆండీస్ మూలవాసుల క్వెచువా భాషలో అనాథ అనే అర్థమున్న మాట నుండి వచ్చిందని కొందరూ, చిలీ దక్షిణాది మూలవాసుల మపూచే భాష నుండి వచ్చిందని మరికొందరూ వాదిస్తారు. పద్దెనిమిదవ శతాబ్దపు అధికారుల కాగితాలలో మాత్రం ‘గౌదేరియో’, ‘గౌచో’ అనే మాటలు తిట్లుగానే కనిపిస్తాయి. ఇల్లూ వాకిలీ లేనివాడు, పరాయి పశువులను కోసుకు తినేవాడు, దొంగ తోళ్ళు అమ్ముకునేవాడు అనే అర్థంలోనే అప్పట్లో దానిని వాడేవారు.

గౌచోను అర్థం చేసుకోవాలంటే పశువులతో మొదలుపెట్టాలి. ‘పాంపా’ అనే ఆ గడ్డి మైదానాలలో మొదట ఆవులూ లేవు, గుర్రాలూ లేవు. 1536లో పేద్రో దె మెందోసా నాయకత్వంలో వచ్చిన స్పానిష్ వారు బ్యూనస్ ఐరిస్‌లో స్థిరపడలేక 1541లో ఊరు వదిలి వెళ్ళిపోయారు. వారు వదిలిన గుర్రాలు పచ్చికలో పెరిగి మందలయ్యాయని చెబుతారు. 1580లో హువాన్ దె గరాయ్ ఆ నగరాన్ని మళ్ళీ నిలబెట్టాక పశువులు కూడా స్థిరపడ్డాయి. ప్లాతా నదికి అవతల, నేటి ఉరుగ్వే నేలలో, పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో ఎర్నాందారియాస్ అనే పాలకుడు పశువులను దించి వదిలేశాడు. ఎదురు తిరిగే పెద్ద మృగాలు అంతగా లేకపోవడం, మంచు గడ్డ కట్టని చలికాలం, కనుచూపు మేరా గడ్డి కలిసివచ్చి, రెండు మూడు తరాలలో ఎవరి వాతా లేని అడవి పశువులు లెక్కకు మించి పెరిగాయి.

వాటిని మేపనవసరం లేదు, వేటాడితే చాలు. ఆ వేటను ‘వకేరియా’ అనేవారు. నగర సభ అనుమతి పత్రం ఇచ్చేది. రౌతుల గుంపు బయలుదేరేది. పొడవాటి కర్ర చివర అర్ధచంద్రాకారపు కత్తి బిగించి, పరుగెత్తే ఎద్దు వెనక కాలి నరాన్ని గుర్రం మీద నుండే తెంచేవారు. పడిపోయిన పశువు తోలు ఒలుచుకుని, కొవ్వూ నాలుకా తీసుకుని, మిగతా మాంసాన్ని గద్దలకు వదిలేవారు. ఐరోపాకు కావలసింది తోలే కనుక మాంసానికి అక్కడ ధర ఉండేది కాదు. అందువల్లనే ఆ కాలాన్ని చరిత్రకారులు ‘తోలు యుగం’ అంటారు. ఇళ్ళకు తలుపులు తోలు, మంచాల అల్లిక తోలు, నీళ్ళు మోసే సంచులు తోలు. నా దృష్టిలో గౌచో పుట్టింది కాపరిగా కాదు, వేటగాడిగా. కాబట్టి ‘కాపరి’ అనే మాట మొదటి మెట్టులోనే తప్పుతుంది.

3. గుర్రపుడెక్క

చరిత్ర విద్యార్థి గారి మాటకు పనిముట్ల వైపు నుండి సాక్ష్యం చెబుతాను. నాకు గుర్రాల జీనులూ సామగ్రీ మీద చాలా కాలంగా ఆసక్తి ఉంది.

గౌచో జీనును ‘రెకాదో’ అంటారు. అది ఒకే ముక్కగా ఉండదు, పొరలు పొరలుగా ఉంటుంది. గుర్రం వీపు మీద మొదట చెమట పీల్చే మెత్తని గుడ్డ, దాని మీద ‘కరోనా’ అనే దళసరి తోలు పలక, దాని మీద వెన్నెముకకు రెండు వైపులా రెండు మెత్తల్లాంటి ‘బాస్తోస్’, వాటిని కలిపి బిగించే పచ్చితోలు పట్టీ, ఆ పైన బొచ్చుతో ఉన్న గొర్రె చర్మం, దానిని అదిమి పట్టే మరో పట్టీ. రాత్రి పడిన చోట ఇవన్నీ విప్పి నేల మీద పరిస్తే అదే పడక. తోలు పలక తేమను ఆపుతుంది, గొర్రె చర్మం పరుపవుతుంది, బాస్తోస్ తలగడవుతాయి, మెడలో తొడుక్కున్న పోంచో దుప్పటవుతుంది. మనిషి ఇంటిని గుర్రం వీపు మీద మోసుకు తిరిగేవాడు అంటే అతిశయోక్తి కాదు.

ఇక ‘బొలెయదోరాస్’. తోలు చుట్టిన మూడు రాతి గుండ్లను మూడు తోలు తాళ్ళతో ఒకచోట ముడివేస్తారు. చిన్న గుండును చేతిలో పట్టుకుని మిగతా రెండింటినీ తల చుట్టూ గిరగిరా తిప్పి వదిలితే అవి పరుగెత్తే జంతువు కాళ్ళకు చుట్టుకుని పడవేస్తాయి. ఇది స్పానిష్ వారు తెచ్చింది కాదు, అక్కడి మూలవాసుల ఆయుధం. 1833లో ఉరుగ్వే ప్రాంతంలో తిరిగిన చార్లెస్ డార్విన్ గుర్రం మీద పరుగు తీస్తూ దీనిని విసరడం నేర్చుకోబోయాడు. ఒక గుండు పొదకు తగిలి కింద పడి, ఆయన గుర్రం వెనక కాలికే చుట్టుకుంది. గుర్రం అనుభవమున్నది కావడంతో తన్నుకోకుండా నిలబడింది. చుట్టూ ఉన్న గౌచోలు పగలబడి నవ్వారట. అన్ని రకాల జంతువులు పట్టుబడడం చూశారు కానీ మనిషి తనను తానే పట్టుకోవడం అదే మొదటిసారి చూశామన్నారట. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

నడుం వెనక, పటకాలో అడ్డంగా దోపుకునే పొడవాటి కత్తి పేరు ‘ఫకోన్’. మాంసం కోయడానికీ, తోలు చీల్చడానికీ, గొడవ వస్తే నిలబడడానికీ అదే కత్తి. చేతికి వేలాడే చర్నాకోల పేరు ‘రెబెంకె’.

4. దక్షిణపవనం

నేను కొన్ని సంవత్సరాలుగా ఉద్యోగరీత్యా బ్యూనస్ ఐరిస్‌లో ఉంటున్నాను. పుస్తకాల చరిత్ర నాకు అంతగా తెలియదు కానీ ఒక ఉదయం సంగతి చెబుతాను.

పరిచయస్తుడొకరు నన్ను నగరానికి దూరంగా ఒక పశువుల ఎస్టేటుకు తీసుకువెళ్ళారు. అక్కడ ఎస్టేటును ‘ఎస్టాన్సియా’ అనీ, పనివారిని ‘పెయోన్’ అనీ అంటారు. తెల్లవారకముందే వంటశాలలో ఐదారుగురు పెయోన్లు పొయ్యి చుట్టూ కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. ఒక పెద్దాయన చేతిలో ఎండిన సొరకాయ బుర్ర. దానిలో మూడింట రెండు వంతులు ‘యెర్బా’ ఆకుపొడి పోసి, బుర్రను కొద్దిగా వంచి, ఒక పక్కన గోరువెచ్చని నీళ్ళు పోసి తడిపి, ‘బొంబియా’ అనే వెండి గొట్టాన్ని ఆ తడి పక్కన గుచ్చారు. తరువాత మరగని వేడినీళ్ళు సన్నధారగా పోశారు. మొదటిది చేదుగానూ పొడిగానూ ఉంటుంది కనుక పోసేవాడే తాగాలట. ఆ తరువాత నింపిన ప్రతిసారీ ఒక్కొక్కరికి ఇస్తారు. బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. తాగి ఖాళీ చేసి తిరిగి ఆయన చేతికే ఇవ్వాలి.

నా వంతు రాగానే మర్యాద కొద్దీ ‘గ్రాసియాస్’, అంటే కృతజ్ఞతలు, అని చెప్పి బుర్రను తిరిగి ఇచ్చాను. అంతే, తరువాతి చుట్టులో నన్ను దాటుకుని పక్కవారికి ఇచ్చారు. మరో చుట్టు కూడా అలాగే గడిచింది. నేను ఏం తప్పు చేశానో అని ముఖం చిన్నబోయి కూర్చున్నాను. ఆ తరువాత నా పరిచయస్తుడు చెవిలో చెప్పారు: ఇక్కడ బుర్ర తిరిగి ఇస్తూ ‘గ్రాసియాస్’ అంటే ‘నాకు ఇక చాలు’ అని అర్థం. ఎంగిలి అనే భావనతో పెరిగిన నాకు ఆ గొట్టం నోట పెట్టుకోవడమే పెద్ద పని. ఆ పని చేసి మరీ పంక్తి నుండి లేచిపోయినవాడినయ్యాను. గొట్టంతో ఆకును కలపకూడదని మరో నియమం ఉంది. అది కూడా నేను ఆ రోజే తప్పాను.

దీనినే ‘మాతె’ అంటారు. బ్రెజిల్ వైపు గౌచోలు ‘షిమర్రాఁవ్’ అని మరింత పచ్చని, మెత్తని పొడితో తాగుతారు.

5. పాలపిట్ట

దక్షిణపవనం గారూ, ఈ మాతె సంగతి వ్యాసంలో తప్పక పెడతాను. ఇంకొక సందేహం: వెనిజులా, చిలీ వైపు గుర్రపు రౌతులు కూడా గౌచోలేనా? అలాగే వారి వదులు షరాయిలు టర్కీ సైన్యానివి అని ఎక్కడో చూశాను. ఇది నిజమేనా?

6. వీణాతంత్రి

కాదండీ. అందరినీ గౌచో అంటే ఒప్పుకోరు. వెనిజులా, కొలంబియా దేశాల మధ్య ఒరినోకో నది పరీవాహకంలో ఉన్న ‘యానోస్’ మైదానాల వారు ‘యానేరో’లు. చిలీ మధ్య లోయలలోని వారు ‘వాసో’లు. ఈక్వడార్‌లో ‘చాగ్రా’లు ఆండీస్ పర్వతాల చలి నేలల మీద తిరుగుతారు. ఒక్కొక్కరి టోపీ వేరు, గుర్రం వేరు, పాట వేరు. నాకు పాటలే ప్రధానం కనుక యానేరోల గురించి కొంచెం పొడవుగా రాస్తాను.

యానోస్ నేల సంవత్సరంలో కొన్ని నెలలు వరద నీటిలో మునుగుతుంది, కొన్ని నెలలు ఎండి బీటలు వారుతుంది. నీరు వచ్చినప్పుడు మందను మెరక నేలకు, పోయినప్పుడు తడి మిగిలిన పల్లానికి తోలుకు వెళ్ళాలి. వందల పశువులను రోజుల తరబడి నడిపించేటప్పుడు ముందు నడిచే రౌతు ఒక దీర్ఘమైన రాగం అందుకుంటాడు, వెనకవారు అందిపుచ్చుకుంటారు. రాత్రి మంద విశ్రమించినప్పుడు కాపలావారు చుట్టూ తిరుగుతూ గొంతు తగ్గించి పాడుతూ, ఈలలు వేస్తూ ఉంటారు. చీకట్లో ఏ పిట్టో లేచి రెక్కలు కొడితే మంద మొత్తం బెదిరి పరుగెత్తే ప్రమాదం ఉంది కనుక, మనిషి అక్కడే ఉన్నాడని పశువులకు తెలియడానికి ఆ పాట. తెల్లవారుజామున పాలు పితికేటప్పుడు మరో రకం పాట. ప్రతి ఆవుకూ ఒక పేరుంటుంది, ఆ పేరును పాటలో పొదిగి పిలుస్తారు. ఈ పని పాటలను యునెస్కో 2017లో తక్షణ రక్షణ అవసరమైన వారసత్వాల పట్టికలో చేర్చింది. లారీలూ కంచెలూ వచ్చి మందలను నడిపించే అవసరం తగ్గిపోతే, ఆ నడకతో పుట్టిన పాట ఎక్కడ నిలుస్తుంది?

వేడుక సంగీతం ‘హొరోపో’. తీగల హార్ప్, నాలుగు తంత్రుల ‘క్వాత్రో’, గింజలు నింపిన కాయల మరకాస్, మూడే వాద్యాలు. హార్ప్ మంద్ర తంత్రులలో గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుందని నాకు అనిపిస్తుంది. అది నా భావనే కావచ్చు.

యుద్ధాల విషయంలో యానేరోలది చిత్రమైన చరిత్ర. వెనిజులా స్వాతంత్ర్య పోరాటపు తొలి సంవత్సరాలలో వారిలో చాలామంది బొవెస్ నాయకత్వంలో స్పెయిన్ రాజు పక్షాన పోరాడారు. 1814లో బొవెస్ మరణించాడు. తరువాతి కాలంలో, వారిలో ఒకడిగా పెరిగిన హొసే అంతోనియో పాయెస్ వారిని స్వాతంత్ర్య పోరాట నాయకుడు బొలీవర్ వైపు తిప్పాడు. 1819 ఏప్రిల్ 2న కెసేరాస్ దెల్ మేదియో అనే చోట పాయెస్ సుమారు 150 మంది బల్లెపు రౌతులతో పారిపోతున్నట్టు నటించి, శత్రువు వెంటపడి చెదిరిపోగానే ‘ముఖాలు తిప్పండి’ అనే అర్థం వచ్చే కేకతో వెనుదిరిగి దెబ్బతీశాడు. ఆ తరువాత ఆయన వెనిజులా అధ్యక్షుడయ్యాడు.

7. గుర్రపుడెక్క

పాలపిట్ట గారి షరాయి సందేహానికి సమాధానం. ‘బొంబాచా’ అనే ఆ వదులు షరాయి పంతొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగంలో వ్యాపించింది. టర్కీ కూడా పోరాడిన క్రిమియా యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక దుస్తులు ఓడలలో ప్లాతా తీరానికి చేరాయనే కథ అక్కడ అందరి నోటా వినిపిస్తుంది. కథగానే రాయండి, ధ్రువపడిన చరిత్రగా రాయకండి.

అంతకు ముందు వేషం ‘చిరిపా’. ఒక పొడవాటి గుడ్డను కాళ్ళ మధ్య నుండి తీసి నడుముకు బిగించి పటకా చుట్టేవారు. లోపల అంచులకు కుచ్చులున్న తెల్లని షరాయి. గోచి పోసి పంచె కట్టడం ఎరిగిన పిల్లలకు దీనిని బొమ్మ లేకుండానే చెప్పవచ్చు. కాళ్ళకు ‘బోతాస్ దె పోత్రో’. గుర్రప్పిల్ల వెనక కాలి తోలును గొట్టంలా ఒలిచి, పచ్చిగా ఉన్నప్పుడే తమ కాలికి తొడుక్కుని, కాలి ఆకారానికే ఆరనిచ్చేవారు. గుర్రపు మోకాటి వంపు మనిషి మడమ అయ్యేది. వేళ్ళ వైపు తెరిచి ఉండేది, ఎందుకంటే రికాబులో పాదం మొత్తం పెట్టక బొటనవేలితో పట్టుకునేవారు.

8. ఒంగోలు గిత్త

ఇంత చర్చలో మనవారి సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? మాది ఒంగోలు ప్రాంతం. బ్రెజిల్‌లో నేడు అన్నిటికన్నా ఎక్కువగా పెంచే మాంసపు జాతి ‘నెలోరె’. అది మన ఒంగోలు జాతే. పంతొమ్మిదవ శతాబ్దంలో ఈ పశువులు అక్కడికి చేరినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, కాబట్టి ఆ పేరు నిలిచింది. 1960ల ఆరంభంలో ఒంగోలు పక్కనే ఉన్న కరవది నుండి వెళ్ళిన ఒక గిత్తను అక్కడ ‘కర్వాది’ అనే పేరుతోనే పిలిచారు. నేటి నెలోరె వంశవృక్షాలలో ఆ పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. అంటే గౌచోలు తోలుతున్నది మన కోడెలనే. పాలపిట్ట గారూ, ఇది వ్యాసానికి మొదటి వాక్యం కాదా?

9. దక్షిణపవనం

ఒంగోలు గిత్త గారూ, మీ సంతోషంలో నాకూ వాటా ఉంది. నేను కూడా ఆ తెల్లని మూపురాలను అక్కడ చూసి చాలాసేపు కంచె పక్కనే నిలబడిపోయినవాడినే. కాని ఒక్క సవరణ. గౌచోల మైదానాలలో, అంటే బ్యూనస్ ఐరిస్ రాష్ట్రం, ఉరుగ్వే, రియో గ్రాందె దొ సూల్‌లలో, ప్రధానంగా ఉండేవి ఆంగస్, హెర్‌ఫర్డ్ వంటి బ్రిటిష్ జాతులు. అది సమశీతోష్ణ నేల. ఎండనూ పిడుదులనూ నాసిరకం గడ్డినీ తట్టుకునే నెలోరె రాజ్యమేలేది ఇంకా ఉత్తరాన, మాతో గ్రోసో, గోయాస్, పాంతనాల్ చిత్తడి నేలల వైపు. అక్కడ వాటిని తోలేవారిని గౌచో అనరు. ‘పెయాఁవ్’ అనీ ‘బొయదేరో’ అనీ అంటారు.

వారి పద్ధతి కూడా వేరు. మందను దూరం నడిపించే బృందాన్ని ‘కొమితీవా’ అంటారు. వంటవాడు కంచర గాడిదల మీద గిన్నెలు వేసుకుని అందరికన్నా ముందు వెళ్ళి తరువాతి మజిలీలో పొయ్యి వెలిగిస్తాడు. మంద ముందు నడిచే రౌతు ‘బెర్రాంతె’ అనే కొమ్ముబూర ఊదుతాడు. పిలుపుకు ఒక ఊదు, ప్రమాదానికి ఒక ఊదు, భోజనానికి మరొకటి. ఆ కొమ్ము ఎద్దుదే. మీ మొదటి వాక్యం నిలవాలంటే ‘ఒంగోలు సంతతి ఆవులు కొమ్ముబూర వింటూ పాంతనాల్ నీళ్ళలో ఈదుతున్నాయి’ అని రాయవచ్చు. గౌచో అనే మాట మాత్రం అక్కడ పెట్టకూడదు.

10. ఒంగోలు గిత్త

సవరణ స్వీకరించాను. మొదటి వాక్యం కాకపోయినా ఒక పక్క పెట్టె వార్తగా వేయించండి. మా ఊరి పేరు పోర్చుగీసు నోళ్ళలో ఎలా నలుగుతోందో పిల్లలకు తెలియాలి.

11. నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక సభ్యుడు గుర్రాల స్వారీ పోటీలలో హింస గురించి అడిగి, ఆ వెంటనే ఇతర దేశాల ఎద్దుల పోటీల మీదికి వెళ్ళారు. ఆ భాగాన్ని వేరే దారానికి మార్చాము. దక్షిణ అమెరికాకు సంబంధించిన ప్రశ్న మాత్రం ఇక్కడే ఉంచుతున్నాము: ‘హినెతేయాదా’ అంటే ఏమిటి?

12. గుర్రపుడెక్క

మచ్చిక కాని గుర్రాన్ని ‘పలెంకె’ అనే కొయ్యకు కట్టి, కళ్ళకు గుడ్డ కప్పి, రౌతు ఎక్కాక ఒక్కసారిగా వదులుతారు. గంట మోగేవరకు, అంటే కొన్ని సెకన్లు, పడకుండా నిలవాలి. ఒక విభాగంలో జీను ఉండదు, మెడ దగ్గరి తోలు పట్టీ ఒక్కటే ఆధారం. మరొకదానిలో పల్చని జీను, రికాబులు ఉంటాయి. సమయం ముగియగానే ఇద్దరు తోడు రౌతులు రెండు వైపుల నుండి దూసుకువచ్చి మనిషిని ఎత్తుకుపోతారు. అర్జెంటీనాలో కోర్దోబా రాష్ట్రంలోని హెసూస్ మరీయా పట్టణంలో 1966 నుండి ప్రతి జనవరిలోనూ పెద్ద ఉత్సవం జరుగుతోంది. ఉరుగ్వే రాజధాని మొంతెవిదేయోలో ఈస్టరుకు ముందటి పవిత్ర వారంలో జరిగే ఉత్సవం 1925 నాటిది. గుర్రాలూ రౌతులూ ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి, జంతు సంరక్షకులు దీనిని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. నేను పూర్తిగా ఏ పక్షమూ తీసుకోలేను. నేర్పును మెచ్చుకుంటాను, కొయ్య దగ్గర గుర్రం వణకడం చూసినప్పుడు తల తిప్పుకుంటాను.

పాలపిట్ట గారు పిల్లలకు చెప్పవలసింది మరొకటుంది. ప్రతి స్వారీనీ మైకు దగ్గర నిలబడిన ‘పయదోర్’ అప్పటికప్పుడు పద్యంలో వర్ణిస్తాడు. ఇద్దరు పయదోర్లు గిటారు మీటుతూ ఆశువుగా ఒకరికొకరు జవాబు చెప్పుకునే ‘పయాదా’ పాత గౌచో సంప్రదాయం. 1884లో ఉరుగ్వేలోని పైసందూ పట్టణంలో నల్లజాతి కవి గబీనో ఎసేయిసాకూ హువాన్ నావాకూ మధ్య జరిగిన పోటీ గుర్తుగా జూలై 23ను అర్జెంటీనాలో పయదోర్ దినంగా పాటిస్తారు.

13. వీణాతంత్రి

నాకు ఇక్కడ ఒక మాట చెప్పాలని ఉంది. ఎంత పేదవాడైనా, గౌచో ఎవరికీ లొంగని స్వేచ్ఛాజీవి. ఆకాశమే కప్పు, గుర్రమే ఇల్లు. ‘స్వేచ్ఛా రౌతు’ అంటే ఎలా ఉంటుంది?

14. చరిత్ర విద్యార్థి

వీణాతంత్రి గారూ, మీ మాట వినడానికి హాయిగా ఉంది, కాని ఆ స్వేచ్ఛ మీద ఎంత పహరా ఉండేదో చూడండి. 1815లో బ్యూనస్ ఐరిస్ రాష్ట్రంలో ఒక ఉత్తర్వు వెలువడింది. సొంత ఆస్తి లేని ప్రతి గ్రామీణుడినీ సేవకుడిగా లెక్కించాలనీ, అతడు ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో తెలిపే యజమాని సంతకం చేసిన చీటీ వెంట ఉంచుకోవాలనీ దాని సారం. చీటీ లేకపోతే దేశదిమ్మరి. దేశదిమ్మరిని పట్టుకుని సరిహద్దు కోటలలో సైనికుడిగా నిలబెట్టేవారు. 1865 నాటి గ్రామీణ స్మృతి కూడా ఇదే దారిలో నడిచింది. ఆ 1815 ఉత్తర్వు నాటి సంవత్సరాలలోనే ఉత్తరాన సాల్తాలో మార్తీన్ గూయెమెస్ గౌచో దళాలతో స్పానిష్ సేనలను పదే పదే అడ్డుకుని, 1821 జూన్ 17న గాయాలతో కన్నుమూశాడు. అంటే ఒకవైపు అదే మనిషి దేశాన్ని నిలబెడుతున్నాడు, మరొకవైపు చీటీ లేదని అదే మనిషిని పట్టుకుపోతున్నారు.

తరువాత కంచె వచ్చింది. 1845లో రిచర్డ్ న్యూటన్ అనే భూస్వామి చాస్కోమూస్ దగ్గర మొదటి తీగకంచె వేయించాడు. కొన్ని దశాబ్దాలలో మైదానమంతా తీగలు పరుచుకున్నాయి. 1876లో శీతల యంత్రాలున్న ‘ఫ్రిగొరిఫీక్’ అనే ఓడ బ్యూనస్ ఐరిస్ చేరింది. అంతకు ముందు మాంసాన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టి, బ్రెజిల్, క్యూబాలలోని బానిసల తిండి కోసం పంపేవారు. ఇప్పుడు తాజా మాంసాన్ని ఐరోపాకు పంపవచ్చని తేలింది. దానితో మేలుజాతి ఎద్దులు, విత్తిన గడ్డి, కొలిచిన పొలాలు, లెక్క రాసుకునే మేనేజరు వచ్చారు. మూలవాసుల నేలలను సైన్యం 1878 నుండి 1885 వరకు నడిచిన దాడులలో ఆక్రమించి పెద్ద ఎస్టేటుదారులకు పంచింది. తిరిగే రౌతుకు తిరగడానికి చోటు లేక జీతగాడయ్యాడు.

సరిగ్గా ఆ నడుమనే, 1872లో, పాత్రికేయుడు హొసే ఎర్నాందెస్ ‘మార్తీన్ ఫియెర్రో’ కావ్యం ప్రచురించాడు. బలవంతంగా సరిహద్దుకు తరలించబడి, తిరిగి వచ్చేసరికి ఇల్లు పాడుపడి, భార్యాబిడ్డలు చెల్లాచెదురైన గౌచో తన కథను తానే పాడుకునే కావ్యం అది. పల్లె దుకాణాలలో ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి ఇటలీ, స్పెయిన్‌ల నుండి లక్షలాది మంది వలస వచ్చారు. ‘అసలు అర్జెంటీనీయుడు ఎవడు’ అని పెద్దలకు బెంగ పట్టుకుని, నిన్నటి దాకా దేశదిమ్మరి అన్నవాడినే జాతి ప్రతీకగా పీఠమెక్కించారు. ఎర్నాందెస్ పుట్టిన నవంబరు 10 అక్కడ ఇప్పుడు ‘సంప్రదాయ దినం’, ఆ కావ్యం వెలువడిన గుర్తుగా డిసెంబరు 6 ‘గౌచో దినం’. మనిషి బతికి ఉన్నప్పుడు చీటీ అడిగారు, పోయాక విగ్రహం కట్టారు. అందుకే ‘స్వేచ్ఛా రౌతు’ అనే మాట విగ్రహానికి సరిపోతుంది, మనిషికి సరిపోదని నా అభిప్రాయం.

15. దక్షిణపవనం

చరిత్ర విద్యార్థి గారి మాటకు నేటి కొనసాగింపు నేను కళ్ళారా చూశాను. నవంబరులో సాన్ అంతోనియో దె అరేకో పట్టణంలో సంప్రదాయ ఉత్సవం జరుగుతుంది. నగరం నుండి వచ్చిన న్యాయవాదులూ వైద్యులూ వెండి నాణాలు కుట్టిన వెడల్పు పటకాలతో, వెండి తాపడం చేసిన కళ్ళేలతో వరుసగా గుర్రాల మీద వెళుతుంటారు. ఆ ఉత్సవం నిజంగానే కన్నుల పండువ. కాని నేను ముందు చెప్పిన ఎస్టేటులో మాతె పోసిన పెద్దాయన తలకు మాసిన గుడ్డ టోపీ, కాళ్ళకు ‘అల్పార్గాతా’ అనే జనపనార అడుగు గుడ్డ చెప్పులు. ఆయనతో పనిచేసే కుర్రవాడు కంచె చూసి రావడానికి మోటారు సైకిలు మీద వెళ్ళాడు. పొలం కూలీలకు కనీస వేతనం, ఆదివారపు సెలవు వంటివి చట్టంలో రాసినది 1944లోనే. అంతవరకు అన్నీ యజమాని దయ.

అయినా ఆ పెద్దాయన నడకలోని ఠీవి ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం ఇనుప శిలువకు మేక పక్కటెముకలు కట్టి, నిప్పు వైపు వాల్చి నేలలో గుచ్చారు. ఉప్పునీళ్ళు చిలకరించడం తప్ప మరే మసాలా లేదు. మూడు గంటలు ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. కుర్రవాడు తొందరపడి శిలువను మంటకు దగ్గరగా జరపబోతే ఆయన తిట్టలేదు. కుర్రవాడి చేతి వంక చూశారు. చేయి వెనక్కి వచ్చింది.

16. పాలపిట్ట

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. నిర్ణయానికి వచ్చాను. ‘గౌచో’ను ‘గౌచో’గానే ఉంచుతున్నాను, యానేరో, వాసో, బొయదేరోలను కూడా వారి పేర్లతోనే రాస్తాను. మొదటి చోట మాత్రం ‘గుర్రం మీదే బతుకు వెళ్ళదీసే మందల మనిషి’ అని వివరణ ఇస్తాను. స్వేచ్ఛ అనే మాటను తీసేసి చీటీ కథ పెట్టాను. పదేళ్ళ పిల్లలకు ఆ చీటీ బాగా అర్థమవుతుందని నమ్మకం. ముసాయిదా నుండి ఒక పేరా ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

‘గౌచో తన తాడును తానే పేనుకుంటాడు. ఎద్దు పచ్చితోలును అంచు నుండి నడిమికి చుట్టూ కోసుకుంటూ పోతే తెగని పొడవాటి పట్టీ వస్తుంది. అలాంటి నాలుగు పట్టీలను సాగదీసి, కొవ్వు రుద్ది, జడలా అల్లుతాడు. పరుగెత్తే దూడ కొమ్ములకు ఉచ్చు పడగానే తాడు రెండవ కొసను జీను ముందరి కొమ్ముకు చుట్టి గుర్రాన్ని నిలుపుతాడు.’

17. గుర్రపుడెక్క

చివరి వాక్యం మార్చాలి. జీను కొమ్ము ఉన్నది ఉత్తర అమెరికా కౌబాయ్‌కు. రెకాదోకు కొమ్మే ఉండదు. గౌచో తాడు కొస గుర్రం పొట్ట చుట్టూ బిగించిన తోలు పట్టీకి ఉన్న ఇనుప కడియానికి ముందే తగిలించి ఉంటుంది. ఉచ్చు పడ్డాక చుట్టడానికి చేతితో పని లేదు. గుర్రమే పక్కకు తిరిగి, కాళ్ళు దన్ని, ఎద్దు బరువును తన ఒంటితో ఆపుతుంది. మరొక చిన్న సంగతి: కొమ్ములకు ఉచ్చు పడిందన్నారు కనుక ‘దూడ’ అనకండి, ‘కోడె’ అనండి.